చెప్పుకు అంటిన మన్ను సాక్ష్యంగా నిలవాలంటే: ఘటనా స్థలం నుంచి కోర్టు దాకా

చెలకలో శవం దొరికింది. అనుమానితుడి చెప్పులకు ఎర్రమన్ను ఉంది, చెలకలోనూ ఎర్రమన్నే. ఇక కేసు బలపడినట్టే అనుకుంటే అక్కడే దెబ్బతింటారు. వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్‌లలో ఎటు చూసినా ఎర్ర చెలకలే. అతని ఇంటి వాకిట్లోనూ ఎర్రమన్నే ఉండొచ్చు, పోలీస్ స్టేషన్ ఆవరణలోనూ ఉండొచ్చు. ఘటనా స్థలం మట్టితో కలిసిందని చూపితే పని సగమే అయినట్టు. ఆ రోజు తాను తిరిగానని అతను చెబుతున్న చోట్ల మట్టితో అది కలవడం లేదని చూపినప్పుడే దానికి బలం వస్తుంది. ఈ రెండో సగానికి కావాల్సిన శాంపిళ్లను మొదటి రెండు రోజుల్లోనే తీయాలి. తర్వాత వాన పడుతుంది, నాగలి తిరుగుతుంది, నేల మారిపోతుంది.

దర్యాప్తు బాధ్యత కొత్తగా తీసుకున్న ఎస్సైలు, ఘటనా స్థలంలో ఆధారాలు సేకరించే క్లూస్ టీంలో చేరినవాళ్లు, ఫోరెన్సిక్ విద్యార్థులు, ఆ రిపోర్టు మీద వాదించాల్సిన వకీళ్ల కోసం ఈ వివరాలు రాస్తున్నాం.

ముందుగా నేల గురించి తెలుసుకోండి

ఇక్కడి ఎర్ర చెలక గ్రానైట్ రాయి అరిగి ఏర్పడింది. చేతిలోకి తీసుకుంటే గరుకుగా తగిలేవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ రవ్వలు, ఎరుపు ఇనుము వల్ల వచ్చేది, బంకమన్నులో ఎక్కువ భాగం కేయోలినైట్ అనే ఖనిజం. నల్లరేగడి వేరు. దాని బంక స్మెక్టైట్ అనే ఖనిజం, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది, లోపల తెల్లటి సున్నపు గుళికలు ఉంటాయి. ఆదిలాబాద్, నిర్మల్ వైపు రేగడి నల్లరాతి నుంచి, అంటే దక్కన్ ట్రాప్ బసాల్ట్ నుంచి వచ్చింది. భూపాలపల్లి, రామగుండం వైపు పోతే ఇసుకరాయి, బొగ్గు పొరలు. గోదావరి పైనుంచి బసాల్ట్ నేలల మీదుగా ప్రవహించి వస్తుంది కాబట్టి దాని ఇసుకలో ఆజైట్ లాంటి బరువైన నల్ల ఖనిజాలు దొరుకుతాయి. గ్రానైట్ నేల మీద పుట్టిన చిన్న వాగు ఇసుకలో అవి దొరకడం కష్టం. కానీ గోదావరి ఇసుక లారీలెక్కి ఇల్లు కట్టే ప్రతి చోటికీ చేరుతుంది. ఆ సంగతి మరవకండి.

మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా దారి తప్పించేది చెరువు పూడిక. 46 వేలకు పైగా చెరువులు, కుంటలను బాగుచేసే లక్ష్యంతో 2015లో మిషన్ కాకతీయ మొదలైంది. తీసిన నల్లటి పూడికమట్టిని రైతులు ట్రాక్టర్లతో తోలుకుపోయి చెలకల్లో పరిచారు. అంతకు ముందు కూడా ఈ అలవాటు ఉన్నదే. దీనివల్ల ఎర్ర చెలకలో పైన నాలుగు వేళ్ల మందం నల్లమన్ను ఉండి, పక్క చెలకలో ఏమీ లేకపోవచ్చు. చెరువు నీళ్లలో పెరిగే డయాటమ్‌ల (కంటికి కనిపించనంత చిన్న నాచు) గాజు పెంకులు, నత్తగుల్ల ముక్కలు కూడా ఆ పూడికతోపాటే చెలకకు వస్తాయి. కాబట్టి చెప్పు మట్టిలో డయాటమ్‌లు కనిపించాయని, అతను చెరువులో దిగాడని రాయకండి. పూడిక తోలిన చెలకలో నడిచినా అవి అంటుకుంటాయి. ఘటన జరిగిన పొలం రైతును, చుట్టూ నాలుగు పొలాల రైతులను అడగండి. ఏ చెరువు మన్ను, ఏ ఏడు తోలారు, ఎన్ని ట్రిప్పులు అన్నది వాంగ్మూలంలో రాయించండి. ల్యాబ్‌లో ఎంత పెద్ద యంత్రం ఉన్నా ఈ సమాచారం ఇవ్వలేదు.

మొదటి పని: చెప్పులు, బట్టలు, బండి

అనుమానితుడు దొరికిన వెంటనే కాళ్లకున్నవి విప్పించి స్వాధీనం చేసుకోండి. ఆ తర్వాతే మిగతా పని. నేరాంగీకారం మీద ఆయుధం చూపించడానికి అతన్ని ఘటనా స్థలానికి తీసుకెళ్తారు. అదే చెప్పులతో తీసుకెళ్తే ఆ మట్టికి ఇక విలువ లేదు. మీరు తీసుకెళ్లినప్పుడే అంటిందని డిఫెన్స్ అంటుంది, కాదని మీరు చూపలేరు. స్వాధీనం చేసిన సమయం పంచనామాలో నిమిషాలతో సహా ఉండాలి, స్థలానికి తీసుకెళ్లిన సమయం దాని తర్వాత ఉండాలి.

ఘటనా స్థలంలో మట్టి తీసినవాళ్లే అదే రోజు అనుమానితుడి చెప్పులు ముట్టుకోకూడదు. ఇద్దరు వేర్వేరు మనుషులు చేయాలి. సిబ్బంది తక్కువగా ఉండి ఒకరే చేయక తప్పకపోతే ముందు చెప్పులు సీల్ చేసి, ఆ తర్వాతే స్థలానికి పోవాలి. స్థలంలో తిరిగిన మీ బూట్ల నుంచీ ఒక శాంపిల్ తీసిపెట్టండి.

చెప్పు మీద మట్టిని గీకకండి. చెప్పునే పంపండి. ఎందుకో తెలియాలంటే ఒక హవాయి చెప్పును తిరగేసి చూడండి. మడమ దగ్గర అరిగి నున్నగా ఉంటుంది, అక్కడ నిలిచేది నిన్నటి దుమ్మే. ముందువైపు, పట్టీ గుండీ అడుగుకు దిగే గుంటలో మాత్రం మట్టి గట్టిపడి కూర్చుంటుంది. ఆ గుంటలో అన్నిటికంటే లోపల ఉన్నది పాతది, బయటికి కనిపించేది కొత్తది. లోపల ఎరుపు, మధ్యలో నలుపు, పైన బూడిద రంగు పొర ఉంటే అతను ఏ వరుసలో ఎక్కడెక్కడ నడిచాడో అందులో ఉన్నట్టే. బ్లేడుతో గీకి ఒకే కవర్లో వేస్తే మూడు పొరలూ కలిసి ఎక్కడా లేని నాలుగో మట్టి తయారవుతుంది. అది దేనితోనూ కలవదు.

జర్మనీలో 1908లో గియోర్గ్ పోప్ అనే ఫోరెన్సిక్ నిపుణుడు పరిశీలించిన ఒక హత్య కేసు ఈ పొరల మీదే తేలింది. ఘటనకు ముందు రాత్రి అనుమానితుడి బూట్లను అతని భార్య శుభ్రం చేసింది. కాబట్టి వాటి మీద ఉన్న మట్టి అంతా ఆ రోజుదే. అట్టకు దగ్గరగా పెద్దబాతు రెట్ట, దాని మీద ఘటనా స్థలపు ఎర్ర ఇసుకరాతి మట్టి, ఆపైన ఆయుధం దొరికిన పాత కోట దగ్గరి బొగ్గు, ఇటుక, సిమెంటు దుమ్ము ఉన్నాయి. తన పొలంలో తిరిగానని అతను చెప్పాడు. ఆ పొలం మట్టిలో ఉండే పోర్ఫిరీ రాతి ముక్కలు మాత్రం బూట్ల మీద లేవు. ఉన్న మట్టి, లేని మట్టి రెండూ కలిసి ఆ కేసును తేల్చాయి.

చెప్పులు లేకుండా తిరిగే మనిషైతే మడమ పగుళ్లలో, కాలిగోళ్ల కింద చూడాలి. ఈ పని డాక్టరు సమక్షంలో చేయించండి. లుంగీ, ప్యాంటు అంచులు కూడా చూడాలి. బట్టలను మడతబెట్టేటప్పుడు మట్టి ఉన్న భాగం మీద కాగితం వేసి మడవండి, ఒక వైపు మట్టి రెండో వైపుకు అంటదు.

బైకుకైతే మడ్‌గార్డు లోపలి వైపు, చైన్ కవర్, సైడ్ స్టాండు, ఫుట్‌రెస్టుల అడుగు చూడాలి. గడ్డకట్టిన పెళ్లను ముక్కలు కాకుండా ఒక్కటిగా ఊడదీసి, ఏది బయటి వైపో తెలిసేలా మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఒక్కో చోటి పెళ్ల ఒక్కో డబ్బాలో పెట్టాలి. సీజనంతా పూడిక తోలిన ట్రాక్టరైతే దాని మట్టితో పెద్దగా తేలదు, పైపొర ఒక్కటే పనికొస్తుంది. పార, గడ్డపార దొరికితే కర్రకు, ఇనుముకు మధ్య ఉండే సందును ముట్టుకోకుండా కాగితం చుట్టి పంపండి. వేలిముద్రల పొడి చల్లాలనుకుంటే ముందు మట్టి పని కానివ్వండి. ఆ పొడి కలిస్తే ఖనిజాల లెక్క చెడుతుంది.

వెంట ఉండాల్సినవి

ఖరీదైన సామానేమీ అక్కర్లేదు. ఐస్‌క్రీం పుల్లల్లాంటి చెక్క చెంచాలు ఒక కట్ట చాలు, ఒక్కో శాంపిల్‌కు ఒకటి వాడి పారేయొచ్చు. మూతబిగిసే వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలు 40, ఖాకీ కాగితం సంచులు, బటర్ పేపర్, చేతి తొడుగులు, చెరగని మార్కర్, స్కేలు, టేపు, జీపీఎస్ చూపే ఫోను. స్టీలు చెంచానే వాడితే ప్రతి శాంపిల్ తర్వాత కడిగి, కొత్త టిష్యూతో తుడవాలి. చెంచా అంచున మిగిలే చిటికెడు నల్లమన్ను తర్వాతి ఎర్రమన్నులోకి పోతే మైక్రోస్కోప్ కింద అది పెద్ద సమస్యే.

కాగితం కవర్ల మూలల్లోంచి సన్నటి మట్టి కారిపోతుంది. పోలికకు ముఖ్యంగా కావాల్సింది ఆ సన్నటిదే. అందుకే కొద్దిపాటి మట్టిని ముందు పొట్లం కట్టాలి. బటర్ పేపర్‌ను మూడు మడతలుగా నిలువునా మడిచి, రెండు కొసలనూ మూడోవంతు చొప్పున లోపలికి తిప్పి, ఒక కొసను రెండోదాని మడతలోకి దోపాలి. కిరాణా కొట్లో పాతకాలపు వాళ్లు పసుపు పొట్లం కట్టేది ఇలాగే. ఆ పొట్లాన్ని కవర్లో పెట్టి సీల్ వేయాలి.

స్థలంలో శాంపిళ్లు తీయడం

ముందు ఫొటోలు, వీడియో, స్కెచ్. ఆ తర్వాత తవ్వకం.

ఎంత లోతు తీయాలన్నది కాలు ఎంత లోతు దిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. పొడినేల మీద నడిచిన చోట పైన అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు చాలు. చాలామంది పారతో జానెడు లోతు తవ్వి సంచి నింపి పంపుతారు. చెప్పుకు అంటింది పైమన్ను, పంపింది అడుగుమన్ను, అప్పుడు కలవాల్సినవి కూడా కలవవు. నాటుకు దున్నిన బురదమడిలో మోకాలి దాకా దిగితే అంత లోతూ తీయాలి. పూడ్చిపెట్టిన కేసుల్లో గుంత గోడను నిలువుగా శుభ్రం చేసి, రంగు మారిన ప్రతి పొర నుంచి విడిగా తీయండి. రంగు మారకపోతే 10 నుంచి 15 సెంటీమీటర్లకు ఒకటి. తవ్వినవాడి పారకు, బట్టలకు అడుగుమన్ను అంటుతుంది, దారిన నడిచిపోయేవాడికి అది అంటదు. ఈ తేడా చాలా కేసుల్లో పనికొస్తుంది.

ఒక్కో చోట ఒక టీగ్లాసు నిండా, అంటే దాదాపు 100 గ్రాములు తీయండి. మొరం, గరుసు నేలైతే 250 గ్రాములు, రాళ్లు పోను మిగిలేది తక్కువ కాబట్టి. అక్కడే జల్లెడ పట్టకండి, రాళ్లు, వేర్లు ఏరకండి.

ఎక్కడెక్కడ తీయాలి? అడుగుజాడ ఉన్న చోట, పెనుగులాట జరిగిన చోట కనీసం 5 తీయండి. అక్కడి నుంచి నాలుగు దిక్కులా ఒక మీటరు దూరంలో, మళ్లీ 5 మీటర్ల దూరంలో తీయండి. ఆ పొలంలోనే మట్టి ఎంత మారుతోందో ఇవి చెబుతాయి. అది తెలియకుండా రెండు శాంపిళ్ల మధ్య తేడా పెద్దదో చిన్నదో ఎవరూ చెప్పలేరు. తర్వాత వచ్చిన దారి, పోయిన దారి, బండి ఆపిన చోటు, పొలం ఒడ్డు, రోడ్డు పక్క మొరం. ఆ తర్వాత అతను చెప్పుకుంటున్న చోట్లు: ఇంటి వాకిలి, సొంత పొలం, పనిచేసే ఇటుక బట్టీ, కల్లు మండువా. ఒక్కో చోటికి మూడు. ఇవన్నీ కలిపి 30 దాకా అవుతాయి. ఎక్కువ అనిపిస్తుంది. ల్యాబ్ అన్నిటినీ పూర్తిగా పరీక్షించకపోవచ్చు కూడా. కానీ తీయనిదాన్ని పరీక్షించే మార్గమే ఉండదు.

అడుగుజాడను డెంటల్ స్టోన్‌తో (పళ్ల డాక్టర్లు అచ్చులకు వాడే గట్టి జిప్సం పొడి) అచ్చు తీస్తారు. 900 గ్రాముల పొడికి సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లు. అచ్చు ఎత్తిన తర్వాత జాడ పక్కనే మట్టి తీయండి. అచ్చుకు అంటిన మట్టిని నీళ్లతో కడగకండి, అది కూడా శాంపిలే. రక్తం కలిసిన మట్టిని విడిగా తీసి, పక్కనే రక్తం లేని మట్టిని కంట్రోల్‌గా, అంటే పోలిక కోసం పెట్టండి.

వానలో పని చేయాల్సివస్తే ముందు అడుగుజాడ మీద తట్టనో తొట్టినో బోర్లించండి. గంటసేపటి వాన పైన ఉన్న సన్నటి బంకను కడిగి ఇసుకను మిగులుస్తుంది. అప్పుడు తీసిన మట్టి ఘటన నాటి మట్టి కాదు. వాన ఎప్పుడు పడిందో, ఎంతసేపు పడిందో రాసుకోండి.

ఆరబెట్టడం

తడిమట్టిని ప్లాస్టిక్ డబ్బాలో రెండు మూడు రోజులు ఉంచితే బూజు పడుతుంది, రంగు మారుతుంది. స్టేషన్‌కు చేరిన రోజే నీడలో, శుభ్రమైన కాగితం మీద ఆరబెట్టాలి. ఎండలో వద్దు, స్టవ్ దగ్గర వద్దు, ఫ్యాను కింద అసలే వద్దు, ఒక శాంపిల్ దుమ్ము ఎగిరి ఇంకోదాని మీద పడుతుంది. అనుమానితుడి వస్తువులను స్థలపు మట్టి ఉన్న గదిలో ఆరబెట్టకూడదు. ఎండాకాలంలో ఒక రోజు చాలు, వానాకాలంలో మూడు నాలుగు రోజులు పడుతుంది. రేగడి ఎండితే రాయిలా బిగుస్తుంది, పగలగొట్టాలనిపిస్తుంది. పగలగొట్టకండి. ఇసుక రేణువులు నలిగితే వాటి అంచులు, ఆకారం పోతాయి. గడ్డలను మెల్లగా విడదీసే పద్ధతులు ల్యాబ్‌కు ఉన్నాయి.

కాగితాలు

పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాని 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనాలను ఆడియో, వీడియో తీయాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి రావాలని 176వ సెక్షన్ మూడో ఉపవిభాగం చెబుతోంది. శాంపిల్ తీస్తున్నప్పుడు నంబరు రాసిన చీటీ, డబ్బా, గుంత మూడూ ఒకే ఫ్రేములో కనిపించేలా వీడియో తీయండి. ప్రతి డబ్బా మీద నంబరు, చోటు, లోతు, తేదీ, సమయం, తీసినవారి పేరు ఉండాలి. మూత మీద మాత్రమే రాస్తే మూతలు మారిపోతాయి, డబ్బా మీదే రాయండి. పంచనామాలో "కొంత మట్టి స్వాధీనం చేసుకున్నాము" అని రాస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో దానికి జవాబు ఉండదు. ఎక్కడ, ఎన్ని సెంటీమీటర్ల లోతు, ఎన్ని గ్రాములు అన్నది పంచుల సంతకాల పైనే ఉండాలి.

హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఫోరెన్సిక్ సైన్స్ లాబొరేటరీకి పంపేటప్పుడు లెటర్ ఆఫ్ అడ్వైస్‌లో (శాంపిళ్లతోపాటు పంపే ఉత్తరం) ప్రశ్నలు సరిగ్గా అడగండి. "మట్టి ఒకటేనా?" అని అడిగితే ఒక్క మాటలో జవాబు వస్తుంది. ఇలా అడగండి: చెప్పు మీద ఎన్ని పొరలున్నాయి? ఏ పొర ఏ శాంపిల్‌తో పోల్చదగినది? ఘటనా స్థలం మట్టిని అనుమానితుడి ఇంటి మట్టి నుంచి వేరుచేసే లక్షణం ఏది? ఆ లక్షణం చెప్పు మట్టిలో ఉందా?

ల్యాబ్ రిపోర్టు ఎలా చదవాలి

రంగుతో మొదలవుతుంది. ఎండిన మట్టినీ, తడిపిన మట్టినీ మన్సెల్ రంగుల పట్టికతో పోలుస్తారు. ఎర్ర చెలకకు 5 వైఆర్ 4/6 లాంటి, రేగడికి 10 వైఆర్ 3/1 లాంటి రంగు కోడ్‌లు కనిపిస్తాయి. ఒకటి తడిగా, ఇంకోటి పొడిగా చూసి పోల్చి ఉంటే ఆ పోలికను పట్టించుకోకండి.

తర్వాత జల్లెడ. చెప్పుకు అంటేది ఎక్కువగా సన్నటి మట్టి, పెద్ద రేణువులు రాలిపోతాయి. అందుకే స్థలం మట్టిని కూడా జల్లించి, రెండిట్లోనూ ఒకే సైజు భాగాన్ని, ఉదాహరణకు 150 మైక్రాన్ల కంటే సన్నటిదాన్నే పోల్చాలి. రిపోర్టులో ఈ సైజు రాయకపోతే అడగండి.

స్టీరియో మైక్రోస్కోప్ కింద 10 నుంచి 40 రెట్లు పెద్దగా చేసి చూస్తారు. మన ప్రాంతంలో కేసులు తేల్చేవి తరచుగా ఇక్కడ కనిపించే అరుదైన రేణువులే. రామగుండం, చెల్పూరు విద్యుత్ కేంద్రాల వైపు గుండ్రటి గాజు పూసల్లాంటి ఫ్లై యాష్ (బొగ్గు కాలిన సన్నటి బూడిద), భూపాలపల్లి వైపు బొగ్గు రవ్వలు, రైస్ మిల్లుల దగ్గర మాడిన ఊక, క్వారీల దగ్గర ఇంకా అరగని, అంచులు పదునుగా ఉన్న గ్రానైట్ ముక్కలు, పత్తి జిన్నింగ్ మిల్లుల దగ్గర దూది పోగులు. మామూలు క్వార్ట్జ్ వెయ్యి రేణువులు కలిసినా చెప్పేది తక్కువ. ఇలాంటివి నాలుగైదు రకాలు ఒకే కలయికలో రెండు చోట్లా కనిపిస్తే దానికి బరువుంది.

బంక ఖనిజాలకు ఎక్స్‌రే డిఫ్రాక్షన్, అంటే ఎక్స్‌రేలతో ఖనిజం లోపలి పొరల మధ్య దూరం కొలిచే పరీక్ష. స్మెక్టైట్‌కు గ్లైకాల్ ఆవిరి పట్టిస్తే దాని పొరల మధ్య దూరం 14 నుంచి 17 ఆంగ్‌స్ట్రామ్‌లకు పెరుగుతుంది. కేయోలినైట్ 7 దగ్గరే కదలకుండా ఉంటుంది. చెలక మట్టిలో రెండూ చెప్పుకోదగ్గ మోతాదులో దొరికితే పూడిక తోలిన పొలమేమో చూడాలి. రైతుల వాంగ్మూలాలు తీసి ఉంచమన్నది ఇందుకే. రేణువులు వాటి సాంద్రతను బట్టి ద్రవంలో ఏ ఎత్తున నిలుస్తాయో చూసే పాతకాలపు డెన్సిటీ గ్రేడియంట్ గొట్టం పరీక్ష ఒక్కటే చేసి కలిసిందని రాస్తే ఒప్పుకోకండి. ఎరువు, కుళ్లిన ఆకులు ఉన్న మట్టిలో అది తప్పుదారి పట్టిస్తుంది.

చివరి అభిప్రాయంలో "ఈ మట్టి ఆ స్థలానిదే" అనే మాట ఉండకూడదు. నిజాయితీ గల నిపుణులు "పరీక్షించిన లక్షణాల్లో తేడా కనబడలేదు" అని రాస్తారు. ఆ మాట బలహీనంగా ఉందని దర్యాప్తు అధికారులు కొందరు నిరాశపడతారు, మార్చి రాయమని అడుగుతారు. దయచేసి అడగకండి. ఒక మనిషి జీవితం దాని మీద ఆధారపడి ఉంది. "కలవలేదు" అని వస్తే దాన్ని కూడా కేసు డైరీలో పెట్టండి. మొత్తంగా కలవని మట్టి మీరు తప్పు మనిషిని పట్టుకున్నారని చెబుతుండవచ్చు. పొరలు కలిసిపోయాయా, వేరే లోతు మన్ను పంపామా అని సరిచూసుకుని, అవేవీ కాకపోతే దర్యాప్తు దిశ మార్చండి.

పరీక్షకు వాడగా మిగిలిన మట్టిని, ముఖ్యంగా చెప్పు మీద ముట్టుకోకుండా వదిలిన భాగాన్ని, మళ్లీ సీల్ చేసి వెనక్కి పంపమని లెటర్‌లోనే కోరండి. డిఫెన్స్ రెండోసారి పరీక్ష అడగొచ్చు, అడిగే హక్కు వాళ్లకుంది. కోర్టు ప్రాపర్టీ గదిలో చెమ్మ ఉంటే కాగితం సంచులు చిరిగి మట్టి నేలపాలవుతుంది. ఎండిన శాంపిళ్లను గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, లోపల సిలికా జెల్ పొట్లాలు వేసి, పెట్టె మీద క్రైమ్ నంబరు రాసి అప్పగించండి. అప్పీలు తేలేదాకా అవి అలాగే ఉండాలి.